అన్నం పెట్టని కోడలు

ఉదయగిరిలో మా వీధి మనుషులు, ఆ కాలం వాళ్లు, ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే నన్ను ఒకే ఒక్క మాటతో గుర్తుపడతారు. అత్తకు అన్నం పెట్టని కోడలు. పేరు అడిగితే తడుముకుంటారు. పుట్టిల్లు ఆత్మకూరని చెప్పలేరు. ఈ మాట మాత్రం మరిచిపోరు. నేను మా అత్తకు ఏడేళ్లపాటు రోజుకు మూడుసార్లు, కొన్ని రోజుల్లో ఐదారుసార్లు కూడా అన్నం పెట్టాను. ఇప్పుడు రాస్తే ఎవరో మెచ్చుకుంటారని రాయడం లేదు. నాకు కోపం తీరలేదు, అందుకే రాస్తున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు నా పెళ్లి. బొగ్గుతో నడిచే బస్సులు అప్పటికింకా పూర్తిగా పోలేదు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి చేరేసరికి పెళ్లిచీర నిండా మసి. గడప దగ్గర మా అత్త నన్ను ఎగాదిగా చూసి, "పిల్లే నల్లగా ఉండాదా, లేకుంటే మసా?" అని అడిగింది. వెటకారానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. మసి అని నేను చెప్తే, తడిగుడ్డతో బుగ్గ తుడిచి చూసి నమ్మింది.

మా అత్త మంచిది కాదు. ముందే చెప్పేస్తున్నాను, చచ్చినవాళ్లను పొగిడే అలవాటు నాకు లేదు. నేను చేసిన పులుసును చుట్టాల ముందే వంక పెట్టేది. చిన్న వయసులో భర్త పోతే, ముగ్గురు పిల్లలను, మెట్ట సేద్యాన్ని ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి. ఆ గట్టితనం ఇంట్లో అందరి మీదా పడేది. కానీ అబద్ధం ఆడేది కాదు. ఇంకో గొప్ప కూడా ఉంది. ఆమె జ్ఞాపకం. అటక మీద విత్తనాల కుండలు ఇరవై దాకా ఉండేవి, అన్నీ ఒకే రకం, ఒక్కదానికీ గుర్తు లేదు. చీకట్లో చెయ్యి పెట్టి ఇది సజ్జ, ఇది వరిగ, ఇది నిరుటి కంది అని తీసి ఇచ్చేది. పెళ్లి సంబంధాలు చూసుకునే వాళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చుని, ఫలానా ఇంటికీ మాకూ వరస కలుస్తుందా అని ఆమెను అడిగేవాళ్లు. నాలుగు తరాల వెనక్కి పోయి చెప్పేది. ఆమె చెప్తే ఇక ఇంకొకరిని అడిగేది లేదు. ఊళ్లో ఆమె మాటకు అంత విలువ. ఆ విలువే నా కొంప ముంచింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు అనుకుంటాను, మొదటిసారి తేడా కనబడింది. విత్తనాలకు వచ్చిన పక్కింటాయనకు సజ్జలు అడిగితే వరిగలు కొలిచి ఇచ్చింది. ఆయన నవ్వి, ఇవి వరిగలు గదా అన్నాడు. ఆమె ముఖం మాడిపోయింది. "ఈ పిల్ల కుండలు మార్చి పెట్టినట్టుండాది" అంది నన్ను చూపించి. నేను అటక ఎక్కి ఆరు నెలలైంది. పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే నా చేతి తప్పు, పాలు పొంగి పోతే నా పరాకు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు పెద్దలు.

తర్వాత తర్వాత సాయంత్రమయ్యేసరికి, "ఆయన ఇంకా చేనికాణ్ణించి రాలా" అని గుమ్మంలో నిలబడేది. మామగారు పోయి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆయన లేరని నేను మొదటిసారి చెప్పినప్పుడు అప్పుడే విన్నట్టు ఏడ్చింది. మర్నాడు మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను, మళ్లీ ఏడ్చింది. మూడోనాటికి నాకు బుద్ధి వచ్చి, వస్తారులే అత్తా అనడం నేర్చుకున్నాను.

ఆ పైన అన్నం గొడవ మొదలైంది. వయసు మీద పడి ఆమెకు సంగటి అరగడం లేదని నేను ఆమె ఒక్కదానికే విడిగా వరన్నం వండేదాన్ని. ఆ మెట్ట ఊళ్లో వరన్నమంటే పండక్కీ చుట్టాలకీ. మా ఆయన, పిల్లలు, నేను సజ్జ సంగటి తినేవాళ్లం. ఆమె శుభ్రంగా తిని, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని, గట్టిగా అరగంట కాకముందే, "ఏమ్మే, ఈరోజు నాకు అన్నం పెట్టేది ఉండాదా లేదా" అనేది. ఇప్పుడే తిన్నావు గదా అంటే కళ్లల్లోకి చూసి, "నేను అబద్ధం చెప్తానా?" అని అడిగేది. చెప్పదు. అదే నా ఖర్మ. ఒకసారి ఆమె తిన్న ఆకును పారేయకుండా మూలన పెట్టి చూపించాను. చూసి, "అది నువ్వు తిన్న ఆకు. నాకు పెట్టకుండా తిని, సాక్ష్యానికి దాచినావా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఊళ్లో ఒక ముసలి హకీం సాయిబు ఉండేవాడు. ఎవరికీ చెప్పకుండా అత్తను ఆయన దగ్గరికి తీసుకుపోయాను. నాడి చూశాడు, నాలుక చూశాడు, ఏ నెల అని అడిగాడు, పిల్లలెందరని అడిగాడు. ఆమె ఇద్దరంది. నన్ను పక్కకు పిలిచి, "పిచ్చి కాదమ్మా. మతి ముసల్దయింది" అన్నాడు. "కాళ్లు ముసలివైతే కట్టె ఇస్తాం గదా. మతికీ ఒక కట్టె కావాల. ఆ కట్టె నువ్వే. వాదులాడొద్దు. రోజూ ఒకే యాళకు ఒకే చోట అన్నం పెట్టు. చేతికి పని ఇయ్యి, నాలుగడుగులు నడిపించు. మందులదేముండాది, ఇస్తాలే." సరస్వతాకు పొడి పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ పొడి ఏం చేసిందో నాకు తెలియదు. మిగతా మాటలు మాత్రం పని చేశాయి. చింతపండు ముందు పెడితే గింజ తీస్తూ రెండు గంటలు నెమ్మదిగా ఉండేది. గింజలన్నీ అయిపోతే, ఆమె చూడకుండా మళ్లీ కలిపేసి ఇచ్చేదాన్ని. పొద్దున్నే చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిపించేదాన్ని. అలాంటి రోజుల్లో అన్నం మాట తక్కువగా వచ్చేది.

హకీం దగ్గరికి పోయిన సంగతి తెలిసి మా ఆయన మండిపడ్డాడు. "ఎవరైనా చూసినారా?" అన్నదే ఆయన మొదటి మాట. అమ్మకు ఏమైందని కాదు.

నేను నీళ్లకు పోయినప్పుడో, పిల్లలకు స్నానాలు చేయిస్తున్నప్పుడో ఆమె వీధిలోకి వెళ్లేది. ఎవరింటి ముందో నిలబడి, "పొద్దున్నుంచి అన్నం పెట్టలా తల్లీ" అనేది. ఆమె అంటే ఎవరు నమ్మరు? పిలిచి పెట్టేవాళ్లు. ఆవురావురుమని తినేది, ఆకలి ఉందో లేదో కూడా ఆమెకు తెలియడం మానేసింది మరి. అది చూసి వాళ్లు నోరు నొక్కుకునేవాళ్లు. కుండకైతే మూకుడు ఉంటుంది, ఊరి నోటికి ఎక్కడ తెస్తాం? వింజమూరులో ఉండే మా పెద్ద వదిన, అంటే మా ఆయన అక్క, ఈ మాటలు విని బస్సెక్కి వచ్చింది. వస్తూనే తల్లి ముందు కూలబడి, "అన్నం తిన్నావామ్మా?" అని అడిగింది. తల్లి తల అడ్డంగా ఊపింది. తిన్న ఎంగిలి ఇంకా ఆమె మూతి మీదనే ఉంది. వదిన దాన్ని తన కొంగుతో తుడిచింది, తుడుస్తూ నన్ను తిట్టింది. కళ్ల ముందున్నది కూడా మనిషికి కనబడదు, కనబడకూడదనుకుంటే.

ఇంతలో నా మరదలికి, మా ఆయన చెల్లెలికి, అనంతసాగరం నుంచి మంచి సంబంధం వచ్చింది. అంతా ఖాయమయ్యే సమయానికి వాళ్ల చెవిన ఈ గొడవ పడింది. వాళ్లు తెలివైనవాళ్లు. ఒక పెద్దమనిషితో కబురు పంపారు. ముసలామెకు కోడలు నిజంగా పెట్టడం లేదా, లేక ముసలామెకే మతి చెడిందా, ఈ రెండింట్లో ఏదో తేల్చి చెప్పమని. మతి చెడిన తల్లికి పుట్టిన పిల్లను చేసుకుంటే రేపు ఆ పిల్లకూ, దాని పిల్లలకూ అదే రాదా అని వాళ్ల భయం.

ఆ సాయంత్రం మా ఆయన నన్ను పశువుల కొట్టంలోకి పిలిచాడు. ఇంట్లో మాట్లాడితే చెల్లెలు వింటుందని.

"రేపు పెద్దమనుషులు వస్తాండారు. అమ్మకు మతి బాగానే ఉండాదని చెప్పాల."

"బాగుంటే ఆమె చెప్పేదంతా నిజమవుతుంది గదా" అన్నాను.

ఆయన ఎద్దు గంగడోలు నిమిరాడు. తర్వాత, "కోడలు చెడ్డదంటే ఎవురూ సంబంధం మానుకోరు. ప్రతి ఇంట్లోనూ ఉండేదే" అన్నాడు. "తల్లికి మతి పోయిందంటే మానుకుంటారు. నువ్వు ఈ ఒక్కసారి మొయ్యి. తాళి పడిన మర్నాడు నేనే పదిమందిలో చెప్తా."

"మా నాయనకు ఇప్పుడే చెప్పుకుంటాను. ఆయనకొక్కడికి."

"మీ నాయన నోట్లో నువ్వుగింజ నానదు. అనంతసాగరంలో మీ చుట్టాలు ఎంతమంది లేరు? పెళ్లి కానీ. ఆత్మకూరు పోయి ఆయన కాళ్లు పట్టుకుని నేనే చెప్తా."

ఆయన చెడ్డవాడు కాదు. పిరికివాడు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, పిరికివాడు చేతులు పట్టుకుంటే ఏం చెయ్యగలం? పైగా ఆ మరదలంటే నాకు ప్రాణం. కాపురానికి వచ్చిన కొత్తలో, మా అత్త తిట్టినప్పుడల్లా నా పక్కన చేరి జడ అల్లిన పిల్ల. అందుకే సరేనన్నాను. ఈనాటి వరకూ ఆ సరే అన్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. నాకూ వయసు మీద పడింది, కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను. నా కోడలిని కూర్చోబెట్టి చెప్పాను, అన్నం పెట్టలేదని నేను ఎప్పుడైనా అంటే 'మా అత్తయ్యకు మతి పోయింది' అని వీధికెక్కి చెప్పు, సిగ్గుపడొద్దు అని. ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

మర్నాడు నలుగురు పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. వాళ్లలో పెద్దాయన, నేను తాతా అని పిలిచే మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, మీ అత్తకు మతి సరిగా ఉండాదా లేదా? ఉంటే ఆమె చెప్పేది నిజం. లేకుంటే నువ్వు చెప్పేది నిజం. రెండూ నిజం కాబోవు."

మా ఆయన కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు.

"ఉండాది తాతా" అన్నాను. "బాగానే ఉండాది."

"అయితే ఆమె చెప్పేది?"

"నాదే తప్పు. నేనే పెట్టలా."

ఒక్కరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. తలలు ఊపి, తమలో తాము మాట్లాడుకుని తీర్పు చెప్పారు. ఆ రోజు నుంచి మా అత్తకు రెండు పూటలా అరుగు మీదే, వీధి మొత్తం చూస్తుండగా, నేను వడ్డించాలి. ఎవరి కళ్లతో వాళ్లు చూస్తారు గనక ఇక మాట ఉండదు. సంబంధం వాళ్లకు కబురు వెళ్లింది, తల్లి నిక్షేపంగా ఉంది, కోడలిదే బుద్ధి తక్కువ, దిద్దాము అని. వాళ్లు తృప్తిపడి ముహూర్తం పెట్టుకున్నారు.

మా ఇంటి ఆడవాళ్లు ఎన్నడూ వీధిలో కూర్చుని అన్నం తిని ఎరగరు. మొదటి రోజు నేను అరుగు మీద ఆకు వేస్తే, మా అత్త ఆకునూ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఈడనా?" అంది. ఈడనే అత్తా అన్నాను. గోడవైపు తిరిగి, పైట తల మీదికి లాక్కుని, ఆ చాటున ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమెకు మతి పోయింది గానీ సిగ్గు పోలేదు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు చేరి పప్పు వేసిందా, నెయ్యి వేసిందా, మారు అడిగిందా అని చూసేవాళ్లు. వాళ్ల మీద నాకు అప్పుడు ఎంత కోపమో, ఇప్పుడూ అంతే. ముసలామె సిగ్గు ఒక్కరికి కూడా కనబడలేదు.

పది రోజులకు మా నాయన వచ్చాడు.

మధ్యాహ్నం బస్సు దిగి, భుజం మీద బియ్యం మూట మోసుకుంటూ, ఎండలో నడిచి వచ్చాడు. మా మాగాణి బియ్యం. నేను అప్పుడే అత్తకు వడ్డిస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. మూట అరుగు మీద దించి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, మా అత్త ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అక్కా, నా బిడ్డ చేసిన తప్పు నాది. పెంపకం నాది గదా. తెలీక చేసింది. బియ్యానికి ఇబ్బందైతే నాకు కబురు చేసుండాల్సింది. కడుపు మాడ్చమని నేను నేర్పలా."

మా నాయన ఎవరికీ చేతులు జోడించే మనిషి కాదు. ఆత్మకూరులో ఆయన పది మంది తగాదాలు తీర్చేవాడు. వీధి వీధంతా చూస్తోంది. మా అత్త ముద్ద చేతిలో పట్టుకుని, ఆయనెవరో తెలియక, అయినా పెద్దరికంగా, "నీ బిడ్డకేం తమ్ముడా, బంగారం. రోజూ నాకు వరన్నం పెడతాది" అంది. నిజం ఆమె నోట్లోంచే ఊడిపడింది. వీధిలో ఒక్కడు పట్టించుకుంటేనా! ఎంత మంచి మనసు, కోడలిని వెనకేసుకొస్తోంది అన్నారు. మా నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా గొంతులో మాట కదిలింది. గుమ్మంలో మా ఆయన నన్నే చూస్తున్నాడు, చూపుతోనే బతిమాలుతున్నాడు. ఆయన వెనక మరదలు, పసుపు దంచిన చేతులతో. మింగేశాను.

మా నాయన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. తప్పు చేసిన చోట తినకూడదని ఆయన నియమం. ఆ రోజు నుంచి నాకు ఊరు గురించి బెంగ పోయింది. ఊరు ఏమన్నా అనుకోనీ. ఈ ఒక్క మనిషికి మాత్రం నిజం తెలియాలి. తన బిడ్డ ఒక ముసలిదాని కడుపు మాడ్చలేదని ఆయనకు తెలియాలి. నాకు అంతకన్నా ఇంకేమీ అక్కర్లేకపోయింది.

పెళ్లి బాగా జరిగింది. మూడు రోజులూ నేను మా అత్త పక్కనుంచి కదల్లేదు. ఎవరు వచ్చినా ఆమె చెవిలో, ఈయన చేజర్ల మేనమామ, ఈమె నీ తోడికోడలి చెల్లెలు అని అందించేదాన్ని. ఆమె నేను చెప్పిన మాట పట్టుకుని, బాగుండావా అని అచ్చంగా పాత పద్ధతిలోనే పలకరించేది. నాలుగు తరాల వరసలు చెప్పిన మనిషికి నేను ఒక్కొక్క ముఖం అందిస్తుంటే, పంతం పోయి జాలి పుట్టింది. చూసినవాళ్లు, కోడలికి బుద్ధి వచ్చింది, వదలకుండా కనిపెట్టుకుని ఉంది అని నాకు వినబడేలాగే అన్నారు. తాళి పడింది. అప్పగింతలప్పుడు ఆ పిల్ల నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. ఆమెకు అప్పటికీ సంగతి తెలియదు.

మర్నాడు మా ఆయన చెప్పలేదు. ఆషాఢం పోనీ అన్నాడు. ఆ తర్వాత చెల్లెలు నెల తప్పింది, ఈ సమయంలో అత్తగారింట్లో మాట పడకూడదన్నాడు. కాన్పయ్యాక, ఆడపిల్ల పుట్టింది గదా, దాని భవిష్యత్తు కూడా చూడాలన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఈ మాట పెళ్లితో ఆగేది కాదు, ఆ పిల్ల పిల్లల పెళ్లిళ్ల దాకా నేను మోస్తూనే ఉండాలని. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ సామెత పుట్టించినవాడు ఎవడో మగవాడై ఉంటాడు.

అరుగు మీద వడ్డన మాత్రం ఆగలేదు. పోను పోను ఆమె నన్ను కూడా మరిచిపోయింది. ఒక పొద్దున అన్నం కలిపి పెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వెవురు తల్లీ? రోజూ వచ్చి నాకు పెడతాండావు. నీ కడుపు చల్లగుండ. మా కోడలుండాదే, అది మెతుకు పెట్టదు" అంది. ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నన్ను దీవించడం అదే మొదలు. నేనెవరో తెలిసి ఉంటే ఆ దీవెన వచ్చేది కాదు.

సరిగ్గా అప్పుడే తీర్పు చెప్పిన తాత వీధిలో పోతూ ఆగాడు. విన్నాడు. దగ్గరికొచ్చి, "వదినా, ఈ పిల్లెవురు?" అని ఆమెను అడిగాడు. "ఎవురో పుణ్యాత్మురాలు. వింజమూరామె అనుకుంటా" అంది. ఆయన ముఖంలో రంగు మారింది. నావైపు తిరిగి, "ఎన్నాళ్లుగా ఇట్టుండాదమ్మా?" అన్నాడు.

"మీరు ఆ రోజు అడిగినారే, అంతకు ముందునుంచీ" అన్నాను.

"మరి నువ్వే ఒప్పుకున్నావు గదా."

"ఒప్పించినారు తాతా."

ఆయన చేతికర్ర మీద బరువు వేశాడు. "సరే. ఇంక ఆమెకు లోపలే పెట్టుకో" అన్నాడు. నలుగురిలో ఆ మాట చెప్పండి, చాలు అని అడిగాను. "అయిపోయిన పంచాయితీని తిరగదోడితే మాకు చిన్నతనం. అనంతసాగరం వాళ్లు మమ్మల్నేమనుకుంటారు? నువ్వు మంచిదానివని నాకు తెలిసింది, చాలు గదా" అని వెళ్లిపోయాడు. ఆయనకు తెలిస్తే నాకేమిటి? తెలియాల్సిన మనిషి ఆత్మకూరులో ఉన్నాడు.

ఆ ఎండాకాలం పెద్ద వదిన పది రోజులు ఉందామని వచ్చింది. ఇప్పుడు తల్లికి తనే వడ్డిస్తానంది. రెండో రోజే మా అత్త తలుపు దగ్గర నిలబడి, వీధిలో పోయేవాళ్లతో, "నా కూతురొచ్చినాది. అన్నం పెట్టలా" అంది. వదిన పరుగెత్తుకుంటూ వెళ్లి తల్లిని లోపలికి లాగి తలుపు గడియ వేసింది. వంటింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుంది. క్షమించమనలేదు, నేనూ ఎదురుచూడలేదు. "నువ్వు మీ నాయన్ను చూసి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. రెండేళ్లు దాటిందన్నాను. "పోయిరా. నేనుంటా ఈడ. మాయమ్మ మెల్లిగా తింటాదిలే."

మా ఆయనను అడగలేదు. చెప్పాను, అంతే. చిన్నపిల్లను ఎత్తుకుని పొద్దున బస్సెక్కాను. దారి పొడుగునా, మొదట ఏ మాట చెప్పాలి, తర్వాత ఏ మాట అని కూర్చుకుంటూనే ఉన్నాను. విత్తనాల కుండలతో మొదలుపెట్టాలనుకున్నాను. హకీం మాట చెప్పాలి, కొట్టంలో మాట చెప్పాలి. ఆయన కోపంతో లేచి నిలబడతాడనీ, మా ఆయనను పిలిపించి నాలుగు దులుపుతాడనీ, ఆ తర్వాత నా తల మీద చెయ్యి వేస్తాడనీ అనుకున్నాను.

మా నాయన చిక్కిపోయాడు. తలగుడ్డ కింద జుట్టంతా తెల్లబడింది. ఆ మధ్యాహ్నం అమ్మ పక్కింటికి పోయినప్పుడు ఆయనకు నేనే వడ్డించాను, వడ్డిస్తూ మొత్తం చెప్పాను. ఒక్క మాట దాచలేదు. ఆయన తింటూ విన్నాడు, నడుమ ఒక్కసారి కూడా ఆపలేదు. నేను చెప్పడం ముగించాక ముద్ద కంచంలో పెట్టి నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎంతో ప్రేమ ఉంది, అదే నన్ను భయపెట్టింది.

"పోనీలేమ్మా" అన్నాడు. "పదిమందిలో ఒప్పుకున్న మాట ఇప్పుడు కాదంటే బాగుండదు. ఆ వయసులో ఎవురికైనా తప్పు జరుగుతాది. దిద్దుకున్నావు గదా, బాగా చూసుకుంటాండావని నేనూ విన్యా. ఇంక ఆమెను పిచ్చిదాన్ని చెయ్యొద్దు, పాపం. నేను ఎప్పుడో మరిచిపోయినా ఆ సంగతి. నువ్వూ మరిచిపో."

నన్ను క్షమించాడు. నమ్మలేదు. మళ్లీ మొదటినుంచి చెప్దామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే తల వంచి అన్నం కలుపుకుంటున్నాడు. ఇంకొంచెం పప్పు వెయ్యమని చెయ్యి చాపాడు, వేశాను.